కుఫ్రీలో మంచు ఎందుకు నిలవట్లేదంటే

చింటూకు, అమ్ములుకు, మన హన్మకొండ వాడకట్టు పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

సిమ్లా నుంచి మీరు పంపిన ఫోటోలు చూశాను బిడ్డా. కుఫ్రీలో గుర్రం మీద కూర్చున్నారు, కింద బురద, వెనకాల దేవదారు చెట్లు, ఎక్కడా గుప్పెడు మంచు లేదు. "తాతా, నువ్వు చెప్పిన ఊరు ఇదేనా, ఇక్కడ నిజంగా స్కీయింగ్ చేసేవాళ్ళా?" అని అడిగారు. ఫోన్లో చెప్తే సగం మాటలు మింగేస్తాను, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆ ఊరే. 1964లో మా బాపుకు అక్కడి ఆలుగడ్డ పరిశోధన కేంద్రం పొలంలో ఉద్యోగం వచ్చింది. వరంగల్‌లో జీటీ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి కాల్కా మెయిల్, తర్వాత వంద పైచిలుకు సొరంగాల్లో దూరి పోయే చిన్న రైలు, ఆఖరున బస్సు. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి అని ఆలుగడ్డ రకాలున్నాయి కదా, ఆ పేర్లు ఈ ఊరివే. ఆ చలికి, ఎండాకాలపు పొడుగు పగళ్ళకు అక్కడ ఆలుగడ్డ మొక్క విరగబూస్తుంది, అందుకని రెండు రకాలను కలిపి కొత్తది పుట్టించే పని అక్కడ పెట్టుకున్నారు.

మనకు ఎండాకాలం సెలవులైతే అక్కడ బడికి జనవరిలో సెలవులు, చలికి. కుఫ్రీ దాదాపు 2,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. రాత్రంతా మంచు కురిసి తెల్లారి ఎండ కాసిందంటే చాలు, పెద్దవాళ్ళు కాళ్ళకు కట్టుకుని మంచు మీద జారే కర్ర స్కీలు భుజాన వేసుకుని వాలు ఎక్కేవాళ్ళు, గంటసేపు ఎక్కి రెండు నిమిషాల్లో జారి దిగేవాళ్ళు, మళ్ళీ ఎక్కేవాళ్ళు. మా పిల్లలకు స్కీలు ఎక్కడివి? పొలంలో పాత పెట్టెల పలకలు తెచ్చుకుని, అడుగున కొవ్వొత్తి రుద్దేవాళ్ళం. ఊరికే రుద్దితే పట్టదు. పలకను పొయ్యి దగ్గర కాస్త వెచ్చబెట్టి, కొవ్వొత్తిని అడ్డంగా పట్టి రుద్ది, గోనెపట్టాతో తుడిస్తే అద్దంలా మెరిసేది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. కొత్త మంచు మీద అడుగేస్తే అటుకులు నలిగినట్టు చప్పుడయ్యేది.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ మంచు పడటమే మానేసిందని అనుకోకండి. పడుతుంది, తక్కువ పడుతుంది, పడ్డది నిలవదు. స్కీయింగ్‌కు కావాల్సింది నిలిచే మంచు. మన పాకాల చెరువు ఒక్క వానకు నిండుతుందా? ఇదీ అంతే. డిసెంబర్‌లో పడ్డ మంచు గట్టిపడి నేలను పట్టుకోవాలి, దాని మీద జనవరిది కూర్చోవాలి, దాని మీద ఫిబ్రవరిది. మొదటి పొర కరిగిపోతే మిగతాది తడి మట్టి మీద పడుతుంది, రెండు రోజుల్లో నీళ్ళవుతుంది. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, నల్లటి నేల తాగేస్తుంది, అందుకే ఒకచోట మట్టి బయటపడితే చుట్టుపక్కల మంచు కూడా త్వరగా పోతుంది.

ఆ చలికాలపు మబ్బులు మన నైరుతి రుతుపవనాలతో వచ్చేవి కావు, పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి వస్తాయి. వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వార్తల్లో వింటారే, అవి. మబ్బు వచ్చినా, గాలి ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటే మంచుకు బదులు వాన పడుతుంది. ఆ వాన పాత మంచును కూడా కరిగించి పట్టుకుపోతుంది. నూట యాభై ఏళ్ళలో భూమి మొత్తం మీద వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగింది. మన వరంగల్‌లో మే నెలలో ఒక డిగ్రీ తేడా మీకు తెలియకపోవచ్చు, కుఫ్రీలో మాత్రం ఆ ఒక్క డిగ్రీయే మంచుకూ వానకూ మధ్య గీత.

స్కీ నేర్చుకునేవాళ్ళు మెల్లగా నార్కండకు, మనాలి పైన సోలాంగ్‌కు మళ్ళారు. కుఫ్రీకి గుర్రాలు మిగిలాయి. వందల గుర్రాలు రోజంతా తొక్కితే వాలు మీద గడ్డి పోతుంది, చెట్ల వేళ్ళు తేలతాయి, ఈ గొడవ 2023లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అయినా గుర్రాలవాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి బిడ్డా, మంచు మీద బతకలేనప్పుడు వాళ్ళు ఇంకేం చేస్తారు. పక్కనే ఆపిల్ తోటలవాళ్ళ బాధ ఇంకా పెద్దది. ఆపిల్ చెట్టు చలికాలమంతా చల్లగా నిద్రపోవాలి, సరిపడా చలి తగలకపోతే పూత సరిగ్గా రాదు.

కుఫ్రీ ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. కశ్మీర్‌లో గుల్మార్గ్ అంటే దేశంలోకెల్లా పేరున్న స్కీ మైదానం. 2024 జనవరిలో అక్కడ చాలా రోజులు ఎండిన గడ్డే కనబడింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు లేక మార్చికి జరిపారు. మంచు చేసే మిషన్లున్నాయి కదా అంటారేమో, వాటికీ గాలి దాదాపు సున్నా డిగ్రీలకు చేరాలి, లేకపోతే అవి చల్లేది నీళ్ళే.

ఈసారి వెళ్తే జనవరి ఆఖరునో ఫిబ్రవరిలోనో వెళ్ళండి. గుర్రాలు తిరిగే చోట ఆగకండి, ఉత్తరం వైపు వాలుకు నడవండి, దేవదార్ల నీడలో ఎండ తగలని చోట ఎంతో కొంత మంచు దాక్కుని ఉండొచ్చు. గ్లోవ్స్ వేసుకుని నేల తగిలేదాకా తవ్వండి. పైన మెత్తగా, కింద పంచదార పలుకుల్లా ఉంటే అది పాత మంచు, నెల కింద పడ్డది. ఎంత లోతుందో జానతో కొలిచి ఫోన్ చేయండి. మేము తవ్వితే నా నడుము దాకా వచ్చేది.

మీ తాత