21 క్రోమోజోముల గడ్డి

"సూపర్ నేపియర్ విత్తనాలు కిలో ఎంత?" ఈ పశువుల మేత గడ్డి గురించి పాడి రైతులు తరచూ అడిగే ప్రశ్న ఇది. నాటడానికి బండెడు కర్రలు మోసుకొచ్చే కన్నా సంచిలో గింజలు తెచ్చుకోవడం తేలిక కదా! ఆ గడ్డి కంకి కూడా వేస్తుంది. దులిపి చూస్తే మాత్రం చేతిలో పొల్లే మిగులుతుంది.

అసలు నేపియర్ ఉష్ణమండల ఆఫ్రికాది. శాస్త్రీయ నామం సెంక్రస్ పర్ప్యూరియస్. ఏటి గట్ల మీద మూడు నాలుగు మీటర్ల ఎత్తున దుబ్బులు కట్టి ఏళ్ల తరబడి బతుకుతుంది. దీన్నే ఏనుగు గడ్డి అని కూడా అంటారు. దీని పువ్వులో పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు ముందు బయటికొస్తాయి, పుప్పొడి తర్వాత. సొంత పుప్పొడి సిద్ధమయ్యేలోగా పక్క దుబ్బుది గాలికి వచ్చి పడిపోతుంది. అందుకే గింజ పడినా, పిల్ల మొక్క తల్లిలా ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా ఆ గింజలు చాలా సన్నం, పండగానే రాలిపోతాయి. ఇదంతా అచ్చమైన నేపియర్ సంగతి.

మన పొలాల్లో ఉన్నవి ఎక్కువగా సంకరాలు: తమిళనాడు వ్యవసాయ వర్సిటీ రకం సీవో-4, మన ఏపీబీఎన్-1, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన పాక్‌చాంగ్. ఈ పాక్‌చాంగే మనవాళ్ల సూపర్ నేపియర్. వీటిలో ఒక పక్క నేపియర్, ఇంకో పక్క సజ్జ. సజ్జ కూడా ఆఫ్రికాలో పుట్టిందే, నేపియర్‌కు దగ్గరి చుట్టం.

ఇక్కడి నుంచి లెక్క మొదలు. సజ్జకు 14 క్రోమోజోములు. పుప్పొడిలోకి, అండంలోకి సగం చొప్పున ఏడే వెళ్తాయి. నేపియర్‌కు 28. ఎప్పుడో రెండు వేర్వేరు జాతులు కలిసి పుట్టిన గడ్డి కాబట్టి దాని సగంలో రెండు జట్లుంటాయి: సజ్జ వాటిని పోలిన ఏడు, వేరే తరహావి ఏడు. మొదటి జట్టును 'ఏ' అని, రెండోదాన్ని 'బీ' అని పిలుస్తారు. సంకరంలో సజ్జవి 7, నేపియర్‌వి 14, మొత్తం 21.

పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములను సగం చేసే కణ విభజన మియోసిస్. దాన్ని కోలాటం అనుకోండి. ప్రతి క్రోమోజోముకూ ఎదురుగా జోడీ నిలబడాలి, కోలలు తగలాలి, ఆ తర్వాతే చెరో వైపుకు విడిపోవాలి. సంకరంలో సజ్జ ఏడూ నేపియర్ 'ఏ' జట్టుతో ఇంచుమించు సరిగానే జతకడతాయి. బీ జట్టు ఏడింటికీ ఎదుట ఎవరూ లేరు. ఎటు వెళ్లాలో చెప్పే జోడీ లేక ఒక్కొక్కటీ తోచిన వైపుకు పోతుంది. ఏడూ ఒకే వైపుకు చేరే అవకాశం, దారిలో ఏదీ తప్పిపోదనుకున్నా, 64లో ఒకటి. పుప్పొడీ అండమూ రెండూ అలా కుదరాలంటే 4,096లో ఒకటి. కానీ జోడీ లేనివి తరచూ మధ్యలోనే ఆగి నశిస్తాయి కాబట్టి అసలు పరిస్థితి ఇంతకన్నా ఘోరం. ఎక్కువ పుప్పొడి రేణువుల్లో క్రోమోజోములు ఎక్కువతక్కువై అవి పనికిరాకుండా పోతాయి. మనం తినే అరటిలో గింజ లేకపోవడానికీ ఈ మూడు జట్ల లెక్క ఒక ముఖ్య కారణం.

ఇంటర్లో మియోసిస్ దశలను లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్ అని వరుసగా బట్టీ పట్టిస్తారు. క్రోమోజోములు జతకట్టే జైగోటీన్‌లో జోడీ కుదరకపోతే కంకి పొల్లవుతుందని ఎవరూ చెప్పరు. ఈ గడ్డిని ఒక్క పీరియడ్ చూపిస్తే మార్కుల టెన్షన్ లేకుండానే పాఠం ఎక్కేది.

కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములను రెట్టింపు చేస్తే 42 అవుతాయి. అప్పుడు బీ జట్టుకూ జోడీలు దొరికి గింజ పట్టే శక్తి చాలావరకు తిరిగొస్తుంది. ఏటేటా సజ్జనూ నేపియర్‌నూ కొత్తగా సంకరం చేసి ఆ మొదటి తరం గింజ అమ్మడం కూడా సాధ్యమే. ఎదిగిన సూపర్ నేపియర్ చేలో దులిపిన గింజ అని చెబితే మాత్రం నమ్మకండి.

అందుకే కణుపులే గతి. రెండు కణుపుల ముక్కను ఏటవాలుగా గుచ్చితే మట్టిలోని కణుపు వేరు పోస్తుంది, పైదాని కన్ను మొలకెత్తుతుంది. కోసినకొద్దీ, చెరకు కార్శిలాగే, మొదలు నుంచి పిలకలు వస్తాయి. చిక్కేమిటంటే చేనంతా ఒకే మొక్క నకలు, ముక్కతో పాటు దాని తెగులూ వస్తుంది. తూర్పు ఆఫ్రికాలో నేపియర్‌ను గిడసబార్చే ఫైటోప్లాస్మా (బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి) తెగులు పురుగుల ద్వారానే కాదు, రైతులు ఒకరికొకరు ఇచ్చుకున్న ముక్కల ద్వారా కూడా పాకింది. పొరుగాయన దగ్గర కర్రలు తెచ్చుకునే ముందు, ఆయన దుబ్బుల్లో ఆకులు పసుపెక్కి పొట్టిగా ఉన్నవేమైనా ఉన్నాయేమో చూసుకోండి.