ఐకాన్ల వరస పోయింది, ఫోల్డర్ ఉంది: విండోస్ 11లో క్విక్ లాంచ్ నేపథ్యం

ద్వారకానగర్, మద్దిలపాలెం, గాజువాక... విశాఖలో డీటీపీ పని చేసే పాత సిస్టమ్‌ని చూడండి. స్క్రీన్ అడుగున, స్టార్ట్ బటన్‌ని ఆనుకుని నాలుగైదు చిన్న ఐకాన్లు వరసగా ఉంటాయి. తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్‌డ్రా, చివర్లో ఆ రోజు పనులున్న ఫోల్డర్. పెళ్లికార్డు మేటర్ పట్టుకుని మనిషి ఎదురుగా కూర్చుంటే ఆపరేటర్ కళ్లు కాగితం మీద ఉంటాయి. చెయ్యి మాత్రం చూడకుండానే ఆ మూలకి పోతుంది. ముందు అను, తర్వాత పేజ్‌మేకర్. ఈ వరస పేరే క్విక్ లాంచ్.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకని సిస్టమ్‌ని విండోస్ 11కి మార్చుకున్నవాళ్లకి మొదట కనిపించేది ఆ మూల ఖాళీ అయిపోవడం. స్క్రీన్ అడుగున ఉండే టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో "టూల్‌బార్స్" అనే మాటే ఉండదు. సెట్టింగ్స్ అంతా వెతికినా దొరకదు. సెట్టింగ్ ఎక్కడో దాగి ఉందని గంటలకొద్దీ వెతికే వాళ్లున్నారు కాబట్టి ముందే చెప్పాలి: విండోస్ 11 టాస్క్‌బార్‌లో టూల్‌బార్లు లేనే లేవు. కానీ ఆ ఐకాన్లు ఎక్కడికీ పోలేదు. అప్‌డేట్ తీసేసింది పట్టీని మాత్రమే, ఐకాన్లున్న ఫోల్డర్‌ని కాదు. పట్టీని మళ్లీ ఎలా తెప్పించాలి అన్నది ఆలోచించే ముందు ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకోవాలి. సగం పని అక్కడే తేలిపోతుంది.

ఈ పట్టీ అసలు విండోస్‌తో పుట్టింది కాదు, బ్రౌజర్‌తో వచ్చింది. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95లో స్టార్ట్ బటన్ ఉంది, టాస్క్‌బార్ ఉంది, క్విక్ లాంచ్ లేదు. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 ఎక్కించుకున్నప్పుడు దాంతోపాటు డెస్క్‌టాప్‌ని మార్చే అప్‌డేట్ కూడా ఇచ్చారు. క్విక్ లాంచ్ అందులో వచ్చింది. 1998లో విండోస్ 98 వచ్చేసరికి అది సిస్టమ్‌లో భాగమైపోయింది. ఆ పుట్టుక గుర్తు ఇప్పటికీ చెరగలేదు. ఆ ఐకాన్లున్న ఫోల్డర్ దారి చూడండి: సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ యూజర్ పేరు, తర్వాత యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, దాని లోపల క్విక్ లాంచ్. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో విరమించుకుంది. దాని పేరున్న ఫోల్డర్ మాత్రం విండోస్ 11లో కూడా అలాగే ఉంది. ఇవాళ మీరు టాస్క్‌బార్‌కి పిన్ చేసే, అంటే ఎప్పుడూ కనిపించేలా తగిలించే, మామూలు ప్రోగ్రామ్ షార్ట్‌కట్ కూడా ఆ క్విక్ లాంచ్ లోపలే "యూజర్ పిన్డ్" అనే ఉపఫోల్డర్‌లోకి చేరుతుంది.

పట్టీ కనిపించకుండా పోవడం కూడా కొత్త కాదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీని కొత్తగా ఎక్కిస్తే క్విక్ లాంచ్ దాచి ఉండేది. టాస్క్‌బార్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఒక టిక్కు పెడితే వచ్చేసేది. అప్పట్లో ఎక్కువమందిని ఏడిపించింది వేరే సంగతి: డెస్క్‌టాప్ చూపించే ఐకాన్ పొరపాటున డిలీట్ అయిపోవడం. అది ప్రోగ్రామ్‌కి షార్ట్‌కట్ కాదు, ఐదు లైన్ల చిన్న టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో ఆ ఐదు లైన్లూ కొట్టి, ఎక్స్‌టెన్షన్ మార్చి సేవ్ చేస్తే ఐకాన్ తిరిగొచ్చేది. ఆ తర్వాతి విండోస్ విస్టాలో పట్టీ మళ్లీ మొదటినుంచే కనిపించింది, పైగా విండోస్ కీతో 1, 2, 3 నొక్కితే అందులోని ఐకాన్లు వరసగా తెరుచుకునేవి.

పెద్ద మార్పు 2009 అక్టోబర్‌లో విండోస్ 7తో వచ్చింది. ప్రోగ్రామ్‌ని తెరిచే ఐకానూ, తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌ని చూపించే బటనూ ఒకటే అయిపోయాయి. అదే పిన్ చేయడం. క్విక్ లాంచ్ పట్టీని పక్కన పెట్టారు కానీ దారి మూసేయలేదు. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్, టూల్‌బార్స్, న్యూ టూల్‌బార్, ఆ ఫోల్డర్ చూపించడం. తర్వాత టాస్క్‌బార్ లాక్ తీసి, చుక్కల గీత పట్టుకుని పట్టీని ఎడమకి లాగి, పేరూ టెక్స్టూ కనిపించకుండా టిక్కులు తీసేస్తే పాత వరస పాత చోటే కూర్చునేది. ఈ పద్ధతి విండోస్ 8లోనూ 10లోనూ పనిచేసింది. అంటే పట్టీని అధికారికంగా తీసేశాక కూడా పన్నెండేళ్లకు పైగా అది మన డీటీపీ బల్లల మీద బతికింది. ఆ అలవాటుతోనే విండోస్ 11లోనూ దారి ఉంటుందని చాలామంది నమ్ముతున్నారు. తప్పేమీ లేదు, అప్పటిదాకా ఎప్పుడూ ఉంది మరి.

మధ్యలో స్టార్ట్ బటన్ ముచ్చట ఒకటి ఉంది. 2012 అక్టోబర్‌లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌నే తీసేసింది. ఏడాదికి, 2013 అక్టోబర్‌లో 8.1తో బటన్ తిరిగొచ్చింది, మెనూ రాలేదు. మెనూ కోసం 2015 జులైలో విండోస్ 10 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మూడేళ్లూ ఎంతోమందికి పాత మెనూని తెచ్చిపెట్టే క్లాసిక్ షెల్ అనే ఉచిత ప్రోగ్రామే దిక్కయింది. దాన్ని తయారుచేసిన ఐవో బెల్చెవ్ 2017 డిసెంబర్‌లో పని ఆపేశాడు. విండోస్ 10 అప్‌డేట్లు తరచుగా రావడం, ప్రతిసారీ ఏదో ఒకటి విరగడం ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. ఔత్సాహికులు ఆ కోడ్‌ని తీసుకుని ఓపెన్ షెల్ పేరుతో నడుపుతున్నారు.

2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11లో టాస్క్‌బార్‌ని కొత్తగా రాశారు. పాతదాన్ని సరిదిద్దలేదు, పక్కన పెట్టేశారు. ఫైలుని లాక్కొచ్చి టాస్క్‌బార్ మీద ప్రోగ్రామ్‌లో వేయడం కూడా మొదట్లో లేదు, 2022లో 22హెచ్2 అనే వెర్షన్‌తో తిరిగి ఇచ్చారు. ప్రతి విండోకీ పేరుతో వేరే బటన్ చూపించడం 2023లో తిరిగి వచ్చింది. టూల్‌బార్లు మాత్రం రాలేదు. మొదటి వెర్షన్లో, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి పాత టాస్క్‌బార్‌ని బయటికి లాగే కిటుకు ఉండేది. సగం సగం పనిచేసేది, 22హెచ్2తో అదీ పోయింది. తర్వాత ఎక్స్‌ప్లోరర్ ప్యాచర్ వంటి ప్రోగ్రామ్‌లు విండోస్ లోపల ఇంకా మిగిలి ఉన్న పాత టాస్క్‌బార్ కోడ్‌ని వాడుకుని పట్టీని నిలబెట్టాయి. 2024 నాటి 24హెచ్2 వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ ఆ కోడ్‌నే తీసేసింది. ఇలాంటి ప్రోగ్రామ్‌లు ఎక్కించుకున్న సిస్టమ్‌లలో, ముందు వాటిని తీసేస్తేగానీ అప్‌డేట్ కాదని అడ్డుపడిన సందర్భాలూ ఉన్నాయి.

కాబట్టి షాపు సిస్టమ్‌కి మా సలహా ఇది. లోపలి కోడ్‌ని కెలికే ప్రోగ్రామ్‌ల మీద రోజువారీ పని ఆధారపడనీయకండి. ఇంట్లో సిస్టమ్ అయితే సరదాగా పెట్టుకోవచ్చు. శ్రావణమాసం ముహూర్తాల రద్దీలో ఒక నెలవారీ అప్‌డేట్‌కి టాస్క్‌బార్ తెల్లబోతే, కార్డుల కోసం వచ్చిన వాళ్లని కూర్చోబెట్టి మెకానిక్‌కి ఫోన్ చేయాల్సి వస్తుంది. విండోస్ వెర్షన్లు ఎన్ని మారినా నిలబడినవి ఇవి: మామూలు ఫోల్డర్, అందులో మామూలు షార్ట్‌కట్లు. వాటితో చేయగలిగింది చూద్దాం.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషులో షెల్ అని కొట్టి, ఖాళీ వదలకుండా కోలన్ పెట్టి, క్విక్ లాంచ్ అని రెండు మాటలుగా కొట్టి ఎంటర్ చేయండి. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి మామూలుగా వెతికితే కనిపించదు, ఇలా అయితే నేరుగా తెరుచుకుంటుంది. మీ పాత ఐకాన్లు అందులో ఉంటాయి. వాటిని కట్ చేయకండి, కాపీ చేయండి. డీ డ్రైవ్‌లో ఇంగ్లీషులో వర్క్ అని ఒక ఫోల్డర్ చేసి అక్కడ పేస్ట్ చేయండి. డీ డ్రైవ్ ఎందుకంటే, రేపు ఎవరైనా సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టినా ఇది మిగులుతుంది. షార్ట్‌కట్ల పేర్ల ముందు 1, 2, 3 అని అంకెలు చేర్చండి. ఫోల్డర్ పేర్ల వరసలో చూపిస్తుంది కాబట్టి అను ఎప్పుడూ మొదట, పేజ్‌మేకర్ రెండోది. ఫోల్డర్ తెరిచి వ్యూలో లార్జ్ ఐకాన్స్ పెట్టండి.

ఇప్పుడు దాన్ని టాస్క్‌బార్‌కి తగిలించాలి. ఫోల్డర్‌ని నేరుగా పిన్ చేయబోతే విండోస్ ఒప్పుకోదు. ప్రోగ్రామ్ అయితేనే పిన్ అవుతుంది. అందుకని డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, న్యూ, షార్ట్‌కట్. లొకేషన్ అడిగిన చోట ఇంగ్లీషులో ఎక్స్‌ప్లోరర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, వర్క్ ఫోల్డర్ పూర్తి దారిని డబుల్ కొటేషన్ల మధ్య రాయండి. పేరు పెట్టాక ప్రాపర్టీస్‌లో చేంజ్ ఐకాన్‌కి వెళ్లి వేరే బొమ్మ ఎంచుకోండి. ఇది పిన్ చేయకముందే చేయాలి. పిన్ చేసిన క్షణంలో విండోస్ ఆ షార్ట్‌కట్‌కి వేరే కాపీ తీసుకుంటుంది, తర్వాత డెస్క్‌టాప్ మీద బొమ్మ మార్చినా కింద మారదు. బొమ్మ కుదిరాక ఆ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, షో మోర్ ఆప్షన్స్, పిన్ టు టాస్క్‌బార్. ఆ ఐకాన్‌ని ఎడమ కొసకి లాక్కోండి. ఒక నొక్కుకి పాత పట్టీలో ఉన్నవన్నీ ఒక కిటికీలో తెరుచుకుంటాయి. పాతదానికంటే ఒక క్లిక్ ఎక్కువ, అది నిజమే.

రోజంతా వాడే నాలుగింటికి ఆ ఒక్క క్లిక్కూ వద్దనుకుంటే వాటిని విడివిడిగా పిన్ చేసి, విండోస్ కీతో అంకెలు వాడండి. విస్టాలో వచ్చిన ఆ సదుపాయం ఇంకా ఉంది. ఎడమనుంచి మొదటి పిన్ 1, పదోది 0. స్టార్ట్, సెర్చ్ బటన్లు లెక్కలోకి రావు. కంట్రోల్, ఆల్ట్‌తో ఒక అక్షరం కలిపి షార్ట్‌కట్ కీ పెట్టుకునే పద్ధతీ ఉంది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లోనే ఆ గడి కనిపిస్తుంది. కాకపోతే ఆ షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూ ఫోల్డర్‌లోనో ఉంటేనే కీ పనిచేస్తుంది, వర్క్ ఫోల్డర్‌లో ఉన్నదానికి పెడితే ఉలకదు పలకదు.

తెలుగు టైపింగ్ దగ్గర వేరే చిక్కు ఉంది. పేజ్‌మేకర్ 7 అనేది 2001 నాటి ప్రోగ్రామ్. కొత్త విండోస్‌లో సరిగ్గా నడవాలని చాలామంది దాని షార్ట్‌కట్‌లో రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ టిక్కు పెడతారు. విస్టా నుంచీ విండోస్‌లో ఒక నియమం ఉంది: మామూలు హోదాలో నడిచే ప్రోగ్రామ్, అడ్మిన్ హోదాలో నడిచే ప్రోగ్రామ్ కీబోర్డులో జోక్యం చేసుకోలేదు. అందుకని పేజ్‌మేకర్‌కి ఆ టిక్కు ఉండి తెలుగు కీబోర్డు ప్రోగ్రామ్‌కి లేకపోతే, నోట్‌ప్యాడ్‌లో తెలుగు కీలు పనిచేస్తూ పేజ్‌మేకర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే పడే ప్రమాదం ఉంది. రెండింటికీ టిక్కు పెట్టండి, లేదా రెండింటికీ తీసేయండి. అడ్మిన్‌గా తెరిచిన ప్రోగ్రామ్‌లోకి ఫోల్డర్ నుంచి ఫొటోని లాక్కొచ్చి వేయడం కూడా కుదరదు. కారణం అదే. ఇక గడియారం పక్కన ఉండే కీబోర్డు ఐకాన్ కనిపించకపోతే అది పైకి చూసే చిన్న బాణం వెనక దాక్కుని ఉంటుంది. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్‌లో ఆన్ చేస్తే బయటికి వస్తుంది.

మ్యాక్ వాడేవాళ్లకీ 2025లో ఇదే ఎదురైంది. 2011లో లయన్‌తో వచ్చిన లాంచ్‌ప్యాడ్‌ని ఆ సెప్టెంబర్‌లో వచ్చిన టాహో వెర్షన్ తీసేసి, యాప్స్ అనే కొత్త కిటికీ పెట్టింది. మనం చేసుకున్న గుంపులు అందులో ఉండవు, విభాగాలు అదే వేసుకుంటుంది. అక్కడా మందు ఒకటే: కమాండ్, ఆప్షన్ నొక్కి పట్టి కావలసిన యాప్‌లను ఒక ఫోల్డర్‌లోకి లాగితే అలియాస్‌లు, అంటే మ్యాక్ షార్ట్‌కట్లు, తయారవుతాయి. ఆ ఫోల్డర్‌ని డాక్‌లో చెత్తబుట్ట పక్కన పెట్టి, గ్రిడ్‌గా చూపించమంటే సరి.

మళ్లీ విండోస్‌కి వస్తే, పాత ఐకాన్లు కాపీ చేశాక నొక్కితే తెరుచుకోనివి కొన్ని తేలతాయి. పాత సిస్టమ్ 32 బిట్ అయితే అనుమానం ముందు దాని మీదే పడాలి. విండోస్ 11లో 32 బిట్ వెర్షన్ లేదు, అలాంటి సిస్టమ్ అప్‌గ్రేడ్ కాదు, కొత్తగా ఎక్కించాల్సిందే. అప్పుడు పాత ప్రోగ్రామ్‌లు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాక, ఎక్స్86 అని బ్రాకెట్లో ఉండే పక్క ఫోల్డర్‌లోకి వెళ్తాయి. షార్ట్‌కట్ మాత్రం పాత దారినే పట్టుకుని ఉంటుంది. ప్రాపర్టీస్‌లో టార్గెట్ సరిచేయండి. 16 బిట్ ప్రోగ్రామ్‌లు అక్కడ అసలు నడవవు, వాటికోసం శ్రమ పడొద్దు.

ఇంకా మారని వాళ్లు చేసుకోవాల్సింది ఒకటుంది. అప్‌గ్రేడ్‌కి ముందు రోజే క్విక్ లాంచ్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. దాంతో షార్ట్‌కట్లు దక్కుతాయి కానీ పిన్‌ల వరస దక్కదు. ఆ వరస రిజిస్ట్రీలో టాస్క్‌బ్యాండ్ అనే చోట ఉంటుంది. అందుకని టాస్క్‌బార్‌ని సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, చాలు. స్టార్ట్ మెనూలో విండోస్ 10 టైల్స్‌ని కూడా ఫొటో తీయండి, అవి విండోస్ 11లోకి రావు. తొందర లేదనుకుంటే ఇళ్లలో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 వరకూ అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది.

ఇప్పటికే మారి, పాతదే బాగుందనిపిస్తే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. దానికి గడువు పది రోజులే. ఆ తర్వాత సీ డ్రైవ్‌లో విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్ దానంతట అదే పోతుంది. ఎవరైనా ఫార్మాట్ చేయకుండా పాతదాని మీదే కొత్తగా ఎక్కించి, కొత్త యూజర్ పేరు పెట్టి ఉంటే మీ పాత క్విక్ లాంచ్ ఆ విండోస్ ఓల్డ్ లోపలి యూజర్స్‌లో పాత పేరు కిందే ఉంటుంది. పది రోజుల్లోపు వెతికి తీసుకోవాలి. ఫార్మాట్ కొట్టేసి ఉంటే అదీ ఉండదు. స్టార్ట్ మెనూలో ఆల్ యాప్స్‌లోకి వెళ్లి, ఒక్కో ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి, మోర్‌లో ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే షార్ట్‌కట్ కనిపిస్తుంది. దాన్ని వర్క్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటూ పోవడమే.