చిన్న విమానానికి మెకానిక్ కరవు: దొనకొండ నుంచి దగదర్తి దాకా

నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండే ఒక ఆసామికి నాలుగు సీట్ల సెస్నా 172 విమానం ఉందనుకుందాం. అందులోని పాత పరికరాలు తీయించి తెర మీద చూపే ఎలక్ట్రానిక్ పరికరాలు బిగించాలన్నా, గడువు తీరిన ఇంజన్‌ను పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయించాలన్నా ఆయనకు ముందుగా ఎదురయ్యే చిక్కు డబ్బుది కాదు, మనిషిది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోని భారీ యంత్రాలనూ, రొయ్యల చెరువుల గట్ల మీది డీజిల్ ఇంజన్లనూ రాత్రికి రాత్రే తిరిగి నడిపించగల పనివాళ్లకు ఈ రెండు జిల్లాల్లో ఏనాడూ కొదవ లేదు. అయినా చిన్న విమానం మీద చేయి వేసి, పని పూర్తయ్యాక సంతకం చేయగలిగినవారు ఇక్కడ లేరు, చుట్టుపక్కల పెద్ద నగరాల్లోనూ అరుదైపోయారు. ఈ కరవు ఒక్కనాటిది కాదు. దీని వెనుక తొంభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

విమానం విషయంలో మరమ్మతు చేయడం వేరు, ఆ మరమ్మతుకు పూచీ పడడం వేరు. 1934 నాటి విమాన చట్టం, దాని కింద వచ్చిన 1937 నిబంధనలు ఈ తేడాను స్థిరపరిచాయి. ఎంత చేయి తిరిగిన పనివాడు బోల్టు బిగించినా, లైసెన్సు ఉన్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరు, అంటే ఏఎంఈ, లాగ్‌బుక్కులో సంతకం చేస్తే తప్ప ఆ విమానం ఎగరడానికి వీల్లేదు. పాత చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోకి వచ్చింది గాని, ఈ మూలసూత్రం మారలేదు, మారకూడదు కూడా. ఆకాశంలో ఇంజన్ ఆగితే పక్కకు తీసి నిలుపుకునే వీలుండదు కాబట్టి ఆ సంతకానికి అంత విలువ ఉండడం న్యాయమే. ప్రశ్నల్లా ఆ సంతకం చేసేవారు ఎక్కడ తయారవుతారన్నదే.

వారు తయారైనది విమానం నడపడం నేర్పే ఫ్లయింగ్ క్లబ్బుల హ్యాంగర్లలో, అంటే విమానాలను నిలిపి మరమ్మతు చేసే షెడ్లలో. 1920ల చివర ఢిల్లీ, బొంబాయి వంటి నగరాల్లో మొదలైన క్లబ్బులు త్వరలోనే మద్రాసుకూ వచ్చాయి. మద్రాసు విమానాశ్రయం ఉన్న మీనంబాక్కంలో పైలట్లు ఎగరడం నేర్చుకుంటుండగా, వాళ్ల విమానాలను చూసుకునే కుర్రవాళ్లు పెద్దల పక్కన నిలబడి పని నేర్చుకునేవారు. స్వాతంత్ర్యం తరువాత కేంద్ర ప్రభుత్వం క్లబ్బులకు సబ్సిడీలు ఇచ్చి ఆదుకుంది. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ తయారుచేసిన పుష్పక్ అనే రెండు సీట్ల విమానం 1958లో తొలిసారి ఎగిరింది. 90 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజనుతో, గుడ్డ కప్పిన రెక్కలతో నడిచే ఆ విమానాలు సుమారు 160 తయారై దేశంలోని క్లబ్బులకు చేరాయి. చిన్న విమానాల పని తెలిసిన ఒక తరం ఇలాంటి హ్యాంగర్లలోనే ఎదిగింది.

నెల్లూరు, ఒంగోలు ప్రాంతానికి అలాంటి హ్యాంగర్ దక్కలేదు. విమానానికి ఈ నేల బొత్తిగా కొత్తదని కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వారు ప్రకాశం పడమటి ప్రాంతంలోని దొనకొండలో రన్‌వే నిర్మించారు. యుద్ధం ముగిశాక అది ఏ క్లబ్బుకూ, ఏ శిక్షణ సంస్థకూ నెలవు కాలేక పాడుపడింది. అదే దొనకొండలో మీటర్ గేజ్ రైళ్ల కాలంలో ఆవిరి ఇంజన్లను నిలిపి మరమ్మతు చేసే లోకో షెడ్డు ఉండేది. రన్‌వే ఉన్నా దాని పక్కన లోకో షెడ్డులాంటిది పుట్టకపోవడమే ఇక్కడి లోటని నా అభిప్రాయం. విమానాలు రోజూ దిగి, రోజూ మరమ్మతుకు వచ్చే చోటు లేకపోతే పని నేర్పేవారూ ఉండరు, నేర్చుకునేవారూ ఉండరు.

ఆ పని పుస్తకంతో మాత్రమే రాదని చెప్పడానికి ఒక్క పరీక్షను చూస్తే చాలు. పిస్టన్ ఇంజన్ సిలిండరులోకి స్పార్క్ ప్లగ్గు రంధ్రం గుండా 80 పీఎస్‌ఐ పీడనంతో గాలి పంపి, లోపల ఎంత నిలుస్తోందో రెండో గేజీలో చూస్తారు. అంకె తక్కువ వస్తే మెకానిక్ చెవి పెట్టి వింటాడు. గాలి బుసబుస ఎగ్జాస్ట్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటరు వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు. తరువాత ఆయిల్ ఫిల్టరును కోసి, కాగితపు మడతలు విప్పి, లోహపు రజను మెరుస్తోందేమో వెతుకుతాడు. ఎంత మెరిస్తే విమానాన్ని నేల మీద ఆపాలో అనుభవం చెబుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన తీరంలో ఈ చూపు మరింత అవసరం. చిన్న విమానాల్లో వాడే లైకమింగ్ కంపెనీ ఇంజన్లలో వాల్వులను కదిలించే క్యామ్ షాఫ్ట్ పైభాగాన ఉంటుంది కనుక, విమానం వారాల తరబడి కదలకుండా ఉంటే ఆయిల్ కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది. ఎక్కువగా ఎగిరే విమానం కంటే ఎక్కువగా నిలిచిపోయే విమానమే తొందరగా చెడుతుందన్న సంగతి చాలామంది యజమానులకు ఖర్చు నెత్తిన పడ్డాకే తెలుస్తుంది.

1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దు కావడంతో ప్రైవేటు విమాన సంస్థలకు దారి తెరుచుకుంది. 2003లో ఎయిర్ డెక్కన్ తో చౌక టికెట్ల యుగం మొదలైంది. జెట్ విమానాలు పెరిగేకొద్దీ వాటిని చూసుకునే ఏఎంఈలకు గిరాకీ పెరిగింది. 2023లో ఇండిగో ఒకేసారి 500, ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డర్లు ఇవ్వడం చూస్తే, శిక్షణ పూర్తిచేసుకున్న యువకుడి చూపు ఎటు ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఐరోపా పద్ధతిని అనుసరించి మన దేశంలో వచ్చిన కార్-66 అనే పౌర విమానయాన నిబంధనలు కూడా లైసెన్సును పాయలుగా విడదీశాయి. జెట్‌ల వంటి టర్బైన్ విమానాలకు బీ1.1, పిస్టన్ విమానాలకు బీ1.2, ఎలక్ట్రానిక్, రేడియో పరికరాలకు బీ2 అని వేర్వేరు విభాగాలు ఏర్పడ్డాయి. లైసెన్సు రావాలంటే పరీక్షలతో పాటు నడుస్తున్న విమానాల మీద అనుభవం చూపాలి. పిస్టన్ అనుభవం ఇచ్చే క్లబ్బులు చిక్కిపోగా, జెట్ అనుభవం ఇచ్చే హ్యాంగర్లు విస్తరించాయి. అందుకు ఆ యువకులను తప్పుపట్టలేం. జీతమూ భద్రతా అక్కడే ఉన్నాయి.

మెకానిక్కులు తగ్గిన కాలంలోనే చిన్న విమానాలు పాతబడ్డాయి. సెస్నా సంస్థ 152 తయారీని 1985లో నిలిపేసింది, 172 తయారీని 1986 నుంచి పదేళ్ల పాటు ఆపేసింది. అందువల్ల ఈ తరగతిలో నేటికీ ఎగురుతున్నవాటిలో చాలా వాటి వయసు నలభై దాటింది. వాటికి ఆధునికీకరణ ఒక్కోసారి తప్పనిసరి అవుతుంది. ప్రమాద సంకేతాలను 121.5 మెగాహెర్ట్జ్‌పై వినడాన్ని ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1తో మానేయడంతో, 406 మెగాహెర్ట్జ్‌పై ఆపద సంకేతం పంపే బీకన్ అవసరమైంది. విమానం ఎటు వంగిందో చూపే పాత గైరో పరికరాలను తిప్పే వ్యాక్యూమ్ పంపులో కార్బన్ రెక్కలు ఉంటాయి. అవి ముందుగా హెచ్చరించకుండానే విరిగిపోగలవు కాబట్టి, మేఘాల్లో ఎగిరే పైలట్ ఎలక్ట్రానిక్ పరికరం కోరుకోవడం సహజం.

అయితే కొత్త పరికరం కొని బిగిస్తే సరిపోదు. ఆ మోడల్ విమానంలో ఆ మార్పు చేయవచ్చని ఆమోదించిన సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్ ఉండాలి, దానిని మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అంగీకరించాలి. పాత పంపు తీసి కొత్త తెర పెట్టినప్పుడు బరువు, గరిమనాభి మళ్లీ లెక్కకట్టాలి, ఆల్టర్నేటరు మీద పడే కరెంటు భారం చూడాలి, విమాన మాన్యువల్‌కు అనుబంధం చేర్చాలి. అంటే ఒకే పనికి బీ1.2 చేయీ కావాలి, బీ2 చేయీ కావాలి. ఇద్దరినీ ఒకే వారంలో ఒకే చోటికి రప్పించడమే అసలు పరీక్ష.

ఇంధనమూ ఇంజన్ల తీరును మార్చింది. పిస్టన్ ఇంజన్లకు కావలసిన అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ ఏళ్లపాటు దిగుమతి మీదే ఆధారపడింది. ఇండియన్ ఆయిల్ సంస్థ దేశీయంగా తయారుచేసిన అవ్‌గ్యాస్‌ను 2022 సెప్టెంబరులో విడుదల చేసింది. ఈలోగా కొత్త శిక్షణ విమానాలు రోటాక్స్ కంపెనీ ఇంజన్లకూ, జెట్ ఇంధనంతో నడిచే డీజిల్ ఇంజన్లకూ మళ్లాయి. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్ (ఎన్ఏఎల్) వారి శిక్షణ విమానం హన్సా-ఎన్‌జీ కూడా రోటాక్స్ ఇంజనుతోనే 2021లో తొలిసారి ఎగిరింది. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో, కార్బురేటరు మాత్రమే తెలిసిన పాత మెకానిక్ కు ఈ ఇంజన్లు కొత్త చదువు, కంప్యూటరు పెట్టి లోపం చూసే కుర్రవాడికి పాత లైకమింగ్ కొత్త చదువు.

ఇక చోటు సంగతి. ఉమ్మడి ప్రకాశంలో భాగమైన కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే ఉంది. 2024 మార్చిలో వైమానిక దళపు ఏఎన్-32, డోర్నియర్ విమానాలు అక్కడ దిగాయి. అది దేశరక్షణకు పనికొస్తుంది గాని, ప్రైవేటు విమానం దానిపై దిగడానికి వీల్లేదు, దిగినా అక్కడ దానిని విప్పి చూసే షెడ్డు లేదు. నెల్లూరు జిల్లా దగదర్తి వద్ద విమానాశ్రయం ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతోంది. మరమ్మతు సంస్థకు డీజీసీఏ ఇచ్చే అనుమతి నిర్దిష్ట స్థలానికి వర్తిస్తుంది. అత్యవసర మరమ్మతుకు బయటికి వెళ్లే వెసులుబాటు ఉన్నా, ప్యానెల్ మొత్తం మార్చే పనిని ఆ పేరుతో చేయలేరు. కాబట్టి ఈ ప్రాంతపు యజమాని తన విమానాన్ని అనుమతి ఉన్న చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వంటి చోట్లకే తీసుకెళ్లాలి. మార్పు పనులను విమానం ఎగరడానికి తగినదో కాదో చూసే, ఏటా వచ్చే ఎయిర్‌వర్దినెస్ సమీక్షతో కలిపి ముందే తేదీ ఖాయం చేసుకోవడం ఒక్కటే ఆయన చేతిలో ఉన్నది.

విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 2022లో కొత్త పైలట్ శిక్షణ సంస్థల కోసం ఎంచుకున్న అయిదు విమానాశ్రయాల్లో కడప ఒకటి. శిక్షణ విమానం రోజుకు చాలా గంటలు ఎగురుతుంది, ప్రతి 50 గంటలకూ, 100 గంటలకూ హ్యాంగరులోకి వస్తుంది. బీ1.2 లైసెన్సుకు కావలసిన అనుభవం పోగయ్యేది సరిగ్గా ఆ రాకపోకల మధ్యనే. నెల్లూరు, ఒంగోలు ఐటీఐల నుంచి, పాలిటెక్నిక్‌ల నుంచి వచ్చే పిల్లలకు అలాంటి హ్యాంగర్లలో అప్రెంటిస్ చోటు దొరికేలా రాష్ట్ర నైపుణ్య శాఖ ఇప్పుడే మాట్లాడుకోవాలి, దగదర్తిలో రన్‌వే పూర్తయ్యేదాకా ఆగవలసిన పని కాదిది.