ఐదొందల బండ, బొగ్గు పన్ను: అపోహలు - వాస్తవాలు

నర్సంపేట దిక్కు ఓ గ్యాస్ ఏజెన్సీ కౌంటర్లో పదేళ్లుగా కూర్చుంటున్నాను. సబ్సిడీ ఎంత, పన్ను ఎంత అని అందరూ లెక్కలేస్తారు. ముందు ఎవరి చేతిలోంచి డబ్బు పోతుందో మాత్రం ఎవరూ అడగరు. పేదింట్లో ఏ పొయ్యి వెలగాలో తేల్చేది అదే.

అపోహ: 500 ఇస్తే సిలిండర్ ఇస్తారు.

వాస్తవం: తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27న మొదలైన మహాలక్ష్మి గ్యాస్ పథకంలో ముందు పూర్తి ధర కట్టాలి. అది తొమ్మిది వందల పైమాటే. 500 పోను మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. మిర్చి ఏరడానికి పోయే ఒక అక్క కొంగుముడి విప్పి ఐదొందల నోటు కౌంటర్ మీద పెట్టింది. "ఐదొందలకే అన్నరు గదన్నా?" అంది. తక్కువపడ్డది ఆమె ఒకరోజు కూలికి మించిన మొత్తం. నోటు మళ్లీ ముడేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజుల్లో చేలల్లో పత్తికట్టె దొరుకుతుంది, వంట దాని మీదే.

ఏడాదికి ఎన్ని బండలకు సబ్సిడీ ఇవ్వాలో గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి లెక్కగట్టారు. డబ్బుల్లేక మూడే కొన్న ఇంటికి మూడే. ఈ నిబంధన నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సబ్సిడీ పడలేదని వచ్చేవాళ్లకు ఒక మాట: మీ ఆధార్‌కు చివరగా లింకైన ఖాతా ఏదో చూసుకోండి. చాలాసార్లు సొమ్ము అందులోనే ఉంటుంది, మీరేమో పాత పాస్‌బుక్కులో వెతుకుతుంటారు.

అపోహ: ధర తగ్గిస్తే మేలంతా పేదలకే.

వాస్తవం: అందరికీ ఒకేలా ఇచ్చే సబ్సిడీ ఎక్కువ వాడేవాళ్లకే ఎక్కువ పోతుంది. నెలకో బండ వాడే ఇంటికి పన్నెండుసార్లు, నాలుగు వాడే ఇంటికి నాలుగుసార్లు. 2014 అక్టోబర్‌లో ధరల నియంత్రణ ఎత్తేసేదాకా డీజిల్ మీద ఇచ్చే సబ్సిడీ కార్లున్నవాళ్లకూ అందింది.

అపోహ: మన దగ్గర కార్బన్ పన్ను లేదు.

వాస్తవం: బొగ్గు, డీజిల్, గ్యాస్ లాంటివి కాల్చితే వచ్చే కార్బన్‌ను బట్టి వేసేదే కార్బన్ పన్ను. ఆ పేరుతో లేదు, అంతే. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు, అంటే అదనపు పన్ను, వేశారు, 2016కల్లా అది 400 అయింది. భూపాలపల్లి బొగ్గుకూ తప్పలేదు. 2025 సెప్టెంబర్ 22న సెస్సు తీసేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు.

అపోహ: కార్బన్ పన్ను వేస్తే పేదలు మునిగినట్టే.

వాస్తవం: వసూలైన డబ్బు ఎటు పోతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. బండకు 50 చొప్పున పన్ను వేశారనుకుందాం. పన్నెండు వాడే ఇల్లు 600, నాలుగు వాడే ఇల్లు 200 కడతాయి. ఆ 800 సమానంగా పంచితే చెరో 400. చిన్న ఇంటికి 200 మిగులుతుంది. కెనడాలో 2025 దాకా మూణ్ణెల్లకోసారి ఇలాగే ఇళ్లకు తిరిగిచ్చారు. కాకపోతే ఆ 400 బండ బుక్ చేయకముందే చేతికి రావాలి.

ఆ అక్క పది రోజులకు మళ్లీ వచ్చి, బండకు పూర్తి డబ్బు కట్టింది. తక్కువపడ్డ నాలుగొందలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిందట.