ఆ రోజు హాల్లో తుపాకుల మోత ఎందుకొచ్చిందంటే

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మీరు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. అమ్మమ్మ విష్ణు సహస్రనామం చదువుకుంటుంటే హాలు స్పీకర్లలోంచి తుపాకుల మోత వచ్చింది గుర్తుందా? మేడ మీది ఆట కింద ఎలా మోగిందని అడిగారు. ఆ హడావుడిలో చెప్పలేకపోయాను.

మన రెండు కంప్యూటర్లలోనూ విండోస్ బదులు లినక్సే నడుస్తుంది. అందులో ఆటైనా పాటైనా నేరుగా స్పీకర్‌కి వెళ్లదు. మధ్యలో సౌండ్ సర్వర్ ఉంటుంది, అంటే ఏ శబ్దం ఎటు పోవాలో చూసుకునే ప్రోగ్రామ్. మన దగ్గరున్నది పల్స్‌ఆడియో. (కొత్తవాటిలో ఎక్కువగా పైప్‌వైర్ వస్తోంది. ఫెడోరా అనే లినక్స్ రకం 2021లోనే దానికి మారింది.) బందరు లాకుల దగ్గర చూశాంగా, ఏ తలుపు ఎత్తితే నీళ్లు అటు పోతాయి. ఇక్కడైతే ఒక్కో పాటకీ విడిగా దారి మార్చొచ్చు.

హాలు కంప్యూటర్లోని సర్వర్ 4713 పోర్టు దగ్గర, అంటే నెట్‌వర్క్‌లో ఆ నంబరున్న గుమ్మం దగ్గర, కాచుకుని ఉంటుంది. మేడ మీది సర్వర్ నుంచి దానికి టనెల్, అంటే నెట్‌వర్క్ మీదుగా శబ్దం వెళ్లే దారి, వేశాను. ఇక మేడ మీద వాల్యూమ్ కంట్రోల్ తెరిస్తే హాలు స్పీకర్ కూడా అక్కడిదే అన్నట్టు కనిపిస్తుంది. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మోగుతున్న పాట పక్కనే చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కి హాలు స్పీకర్ ఎంచుకుంటే పాట ఆగదు, మొదటికీ రాదు. పల్లవి మేడ మీద, చరణం హాల్లో! మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ముందురోజు రాత్రి బ్రౌజర్లో కచేరీ పెట్టి హాలుకి మళ్లించాను. ఏ ప్రోగ్రామ్‌ శబ్దాన్ని చివరిసారి ఎటు పంపామో పల్స్‌ఆడియో గుర్తుపెట్టుకుంటుంది. పొద్దున మీరు అదే బ్రౌజర్లో ఆట తెరిచారు. పల్స్‌ఆడియోకి తెలిసింది బ్రౌజర్ పేరే, లోపల కచేరీ ఉందో తుపాకులున్నాయో తెలీదు. తప్పు మీది కాదర్రా, దారి వెనక్కి మార్చనిది నేను.

హాల్లో శబ్దం మధ్యమధ్యలో తెగిపోయేది మాత్రం వైఫై వల్ల. సెకనుకి శబ్దం తాలూకు 44,100 నమూనాలు (కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్లు. అంటే 14 లక్షల పైచిలుకు బిట్లు, కుదించకుండా అలాగే పోతాయి. స్లాబు దాటేసరికి మన వైఫై నీరసిస్తోంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. మీ ఇంట్లో ఇలా పెట్టుకుంటే సర్వర్‌ని అందరికీ తెరిచి పెట్టకండి. సర్వర్ చేతిలో స్పీకరే కాదు, మైకు కూడా ఉంటుంది. మన మాటలు పక్కవాళ్లు వినే వీలుంటుంది. కుకీ అనే చిన్న ఫైలు ఉంటుంది, దాన్ని రెండు కంప్యూటర్లలోనూ ఒకటే పెట్టండి. అది లేనివాళ్లని సర్వర్ రానివ్వదు.

దసరాకి రండి. ఈలోపు మేడ నుంచి హాలుకి లాన్ వైరు లాగించి ఉంచుతాను.

మీ
తాతయ్య