మణికట్టు మీద గట్టి బుడిపె: పర్లాకిమిడి పిల్లలకి తాత ఉత్తరం

ఒరే నానీ, అమ్మలూ, మీ జిమ్ బ్యాచ్‌లో మిగతా పిల్లలూ,

నాని పంపిన ఫొటోలు చూశాను. కుడిచేతి వెనకవైపు, చూపుడు వేలు మధ్య వేలు ఎముకలు మణికట్టుని కలిసే చోట బుడిపె, పుషప్స్ తీస్తే నొప్పి, మామూలప్పుడు ఏమీ లేదు. "తాతా ఇది కేన్సరా" అని కింద రాశావు, రాత్రంతా గూగుల్ చూసుంటావు. నేను డాక్టర్ని కాదురా, కానీ బరంపురంలో రిటైరయ్యేదాకా ఎక్స్‌రే గదిలోనే గడిపినవాణ్ణి, ఇలాంటి చేతులు చాలా చూశాను. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది కార్పల్ బాస్, అంటే మణికట్టు వెనక ఎముకే కాస్త పైకి పెరిగిన బుడిపె, అయ్యుండాలి. ప్రాణం మీదకొచ్చేది కాదు, చాలామందికి నొప్పి కూడా ఉండదు, ఉన్నట్టే తెలీదు.

మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి, రెండు వరసల్లో. వాటి ముందు అరచేతి పొడుగు ఎముకలు 5. అందులో చూపుడు వేలిదీ మధ్య వేలిదీ వెనకాల ఉన్న చిన్న ఎముకలతో గట్టిగా బిగుసుకుని ఉంటాయి, ఆ కీళ్ళు పెద్దగా కదలవు. సరిగ్గా అక్కడే ఎముక అంచు కొంచెం పైకి పెరుగుతుంది. కొందరికి పుట్టుకతోనే అక్కడ ఒక చిన్న ఎక్స్‌ట్రా ఎముక ఉంటుంది, కొందరికి దెబ్బ వల్లో చేతిని అదేపనిగా వెనక్కి వంచి బరువు మోపడం వల్లో వస్తుంది అంటారు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ వాళ్ళలో, పనిచేసే చేతికి కనిపిస్తుంది. కొత్త రోగమేం కాదు, 1931లోనే ఫియోల్ అనే ఫ్రెంచి డాక్టరు దీని గురించి రాశాడు. మణికట్టుని పైకెత్తే నరాలు, మనం నరాలంటాం గానీ అవి టెండన్లు, కండని ఎముకకి కలిపే తాళ్ళలాంటివి, రెండు ఆ చోటే వచ్చి ఎముకకి అతుక్కుంటాయి, అందుకే పుషప్ లోనో బార్ ఎత్తినప్పుడో నొప్పి.

ఇప్పుడు అసలు గొడవ ఏంటంటే, మణికట్టు మీద ఏ బుడిపె వచ్చినా జనం "నీటిగడ్డ, కొడితే పోతుంది" అంటారు. అది గ్యాంగ్లియాన్, వేరే సంగతి. దాంట్లో జెల్లీ లాంటి నీరుంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది ఒక్కోసారి తగ్గుతుంది, చీకటి గదిలో ఫోన్ టార్చి ఆనించి పెడితే లోపల ఎర్రగా వెలుగు పారుతుంది. నీది ఎముక అయితే వెలగదు, వేలితో నెట్టినా ఇటూ అటూ జరగదు, చెయ్యి కిందకి వంచితే ఇంకా పొడుచుకొస్తుంది. కాకపోతే కొన్ని నీటిగడ్డలు బిగుసుకుపోయి రాయిలా తగులుతాయి, కొన్నిసార్లు ఎముక బుడిపె మీదే నీటిగడ్డ కూడా కూర్చుంటుంది, అందుకని ఇంట్లో టార్చి పరీక్ష చేసేసి తేల్చేయకండి.

ఏరు దాటి పాతపట్నం వెళ్ళి మాలిష్ చేయించుకో అని ఎవరో చెప్పారని రాశావు. వద్దు. బరువైన పుస్తకంతో కొట్టడం, రూపాయి బిళ్ళ పెట్టి బిగించి కట్టడం కూడా వద్దు. నీటిగడ్డకే అది మంచిది కాదు, ఎముకని కొడితే ఏం పోతుందిరా, వాచి కూర్చుంటుంది. అమ్మమ్మ పసుపూ సున్నం పట్టు వేస్తానంటే నేనే మాట్లాడతాను, సున్నం ఎక్కువైతే చర్మం కాలుతుంది.

ఎక్స్‌రే తీయించుకోవాలి, ఇక్కడొక కిటుకుంది. మామూలుగా నిటారుగా ఒకటి పక్కకి ఒకటి తీస్తే ఎముకలన్నీ ఒకదాని మీద ఒకటి పడి బుడిపె దాక్కుంటుంది, "నార్మల్" అని రిపోర్టు వచ్చేస్తుంది. చెయ్యిని చిటికెన వేలి అంచు మీద నిలబెట్టి, అరచెయ్యి పైకి తిరిగేలా ఓ 30 డిగ్రీలు తిప్పి, మణికట్టుని కాస్త చిటికెన వేలి వైపుకి వంచి తీస్తే అప్పుడు బుడిపె అంచు విడిగా, కొండ మీద గుడిలా కనిపిస్తుంది. కార్పల్ బాస్ వ్యూ అని చీటీ మీద డాక్టరు చేత రాయించు, లేదంటే గదిలో కుర్రాడు రష్‌లో మామూలువి తీసి పంపేస్తాడు, వాడి తప్పు కూడా కాదు, బయట లైను అలా ఉంటుంది.

వైద్యం అంటావా, నొప్పి లేకపోతే ఏమీ అక్కర్లేదు. ఉంటే ముందు కొన్ని వారాలు పుషప్స్, బెంచ్ ప్రెస్ ఆపు, లేదా రెండు డంబెల్స్ నేల మీద పెట్టి వాటి పిడి పట్టుకుని పుషప్ తియ్యి, మణికట్టు వంగకుండా నిటారుగా ఉంటుంది. రాత్రిపూట స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ, నొప్పి పెట్టినప్పుడు గుడ్డలో చుట్టిన ఐస్ ఓ పది నిమిషాలు. నొప్పి మాత్రలు డాక్టరుని అడిగే వేసుకో, ఖాళీ కడుపుతో అసలొద్దు. దానికీ తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ చివరి మాట. పెరిగిన ఎముకని చెక్కేస్తారు, కానీ తక్కువ చెక్కితే మళ్ళీ వస్తుంది, ఎక్కువ చెక్కితే ఆ కీలు వదులైపోతుంది, అప్పుడు రెండు ఎముకల్నీ కలిపేయాల్సి రావచ్చు. అందుకే ఫొటోలో బాగోలేదని మాత్రం కోయించుకోవద్దు, ఇప్పుడే విశాఖో భువనేశ్వరో పరిగెత్తక్కర్లేదు.

జిమ్ మానేయమని నేననను, అన్నా మీరు వినరు. బరంపురం కుర్రాడు కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 69 కిలోల విభాగంలో గోల్డ్ కొట్టిన దగ్గర్నుంచి ఈ వైపు ప్రతి ఇంట్లో ఒక వెయిట్‌లిఫ్టర్ తయారయ్యాడు. ఎత్తండి, చెయ్యి నొప్పి పెడుతుంటే మాత్రం ఆ రోజుకి దించేయండి.

ఒకవేళ బుడిపె వారాల్లోనే గబగబా పెరిగినా, రాత్రి నిద్రలేపేంత నొప్పి వచ్చినా, ఎర్రబడి జ్వరం వచ్చినా, వేళ్ళు తిమ్మిరెక్కినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకు, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళు. కింద పడ్డాక బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో నొక్కితే నొప్పిగా ఉంటే అది కూడా అంతే, అక్కడ స్కాఫాయిడ్ అనే ఎముక విరిగితే మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడదు.

అమ్మలూ, చిటికెన వేలి వైపు మణికట్టు మీద గుండ్రంగా ఉందని నువ్వు పంపిన ఫొటో కూడా చూశాను. అది అందరికీ ఉంటుందే, నీకు కాస్త సన్నచెయ్యి కాబట్టి తేలింది. రెండో చెయ్యి కూడా పక్కన పెట్టి చూసుకో.

నానీ, ఫిల్మ్ వచ్చాక కిటికీ అద్దానికి ఆనించి ఫొటో తీసి పంపు, ఫ్లాష్ వెయ్యకు.

మీ తాత