ఎరుపు చున్నీ ఒక్కటే చాలదు: టీనేజ్ ప్రేమకథా సిరీస్‌లో రంగులు, అపోహలు - వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప నేపథ్యంలో ఇంటర్ పిల్లల ప్రేమకథను సిరీస్‌గా తీసే యూనిట్లు చాలావరకు స్క్రిప్టు దశలోనే ‘ప్రేమకు ఎరుపు, విరహానికి నీలం’ అని రాసేసుకుంటాయి. తప్పు అక్కడే మొదలవుతుంది. రంగు తనంతట తాను ఏ అర్థాన్నీ వెంటబెట్టుకుని రాదు. ఈ కథలో అది ఎవరి దగ్గర కనిపించింది, దేని పక్కన కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది అనేదాన్ని బట్టే ప్రేక్షకుడికి అర్థం అందుతుంది.

అపోహ: ఎరుపు వేస్తే ప్రేమ తెలిసిపోతుంది.

వాస్తవం: మన దగ్గర ఎరుపంటే కుంకుమ, కళ్లంలో ఎండే మిరపకాయ, కాళ్లకింది మట్టి కూడా. అనంతపురం ఎర్రనేలలోనో, గండికోట రాతి అంచునో సాయంత్రం ఎర్ర ఓణీ వేసిన అమ్మాయి వెనకున్న రంగులో కలిసిపోతుంది. అదే ఓణీ ఆదోని వైపు నల్లరేగడి చేలో ఎంత దూరం నుంచైనా కంటికి ఆనుతుంది. అందుకే రెక్కీ (లొకేషన్లను ముందే వెళ్లి చూసుకోవడం) పూర్తయ్యాకే బట్టలు కొనాలి. కెమెరా వైపు నుంచీ చిక్కుంది. 4:2:0లో (ఫైలు చిన్నదవ్వడానికి రంగు వివరాలను తగ్గించి దాచే పద్ధతిలో) రికార్డు చేస్తే రంగు రిజల్యూషన్ వెలుగు రిజల్యూషన్‌లో నాలుగోవంతే ఉంటుంది కాబట్టి ముదురు ఎరుపు అంచులు చెదురుతాయి. ముఖం ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) సరిగ్గా ఉన్నా ఎరుపు ఛానెల్ ముందే నిండిపోయి చున్నీ మడతలు మాయమవుతాయి. పెరేడ్ (ఎరుపు, పచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా చూపే గ్రాఫు) చూసి ఎక్స్‌పోజర్‌ను అర స్టాపు తగ్గించండి, లేదా ఇటుక రంగుకు మారండి.

అపోహ: రంగులన్నీ డీఐలో (షూటింగు తర్వాత కంప్యూటర్‌లో రంగులు సరిదిద్దే దశలో) చూసుకోవచ్చు.

యూనిట్లను ఎక్కువగా ముంచేది ఈ నమ్మకమే. చర్మం రంగు ఎరుపుకూ పసుపుకూ మధ్య ఉంటుంది. చున్నీ ఎరుపును మార్చబోతే పెదవులు, బుగ్గలు కూడా దానితోపాటే మారతాయి. మధ్యాహ్నం ఎర్రమట్టి మీద నిలబడిన నటి గడ్డం కిందికి, కళ్ల కిందికి నారింజ వెలుగు ఎగదన్నుతుంది. దాన్ని సరిచేయడానికి ఫ్రేము మొత్తాన్ని చల్లబరిస్తే ఆకాశం పాడవుతుంది. ఫ్రేముకు బయట నేలమీద పది అడుగుల తెల్లగుడ్డ పరిస్తే ఈ సమస్య షూటింగులోనే తీరుతుంది. కడప బండలు పరిచిన వాకిట్లో పరిస్థితి తిరగబడుతుంది. నల్లరాయి వెలుగును మింగేసి ముఖం కింది సగాన్ని చీకటి చేస్తుంది కాబట్టి నడుము ఎత్తులో థర్మోకోల్ పెట్టాలి.

ఇక చామనఛాయను ‘సరిచేయడం’. దయచేసి ఆ పని చేయకండి. ఏ ఛాయ చర్మమైనా వెక్టర్‌స్కోప్‌లో (రంగును, దాని గాఢతను చూపే గుండ్రటి గ్రాఫులో) దాదాపు ఒకే గీత దగ్గర పడుతుంది. తేడా ఉండేది వెలుగులో, గాఢతలో. హీరోయిన్‌ను తెల్లగా చూపాలని ఎక్స్‌పోజర్ పెంచితే ముఖంలోని రంగు పలచబడిపోయి సిగ్గు, కోపం, జ్వరం అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

అపోహ: ఒక్కో పాత్రకు ఒక్కో రంగు ఇచ్చి, ప్రతి సీనులో అదే వేయించాలి.

వాస్తవం: కాలేజీ కథలో సగం సీన్లు యూనిఫాంలోనే నడుస్తాయి. రంగును బట్టల మీద కాకుండా వస్తువు మీద పెట్టండి. ఉదాహరణకు కర్నూలు ఉల్లి మార్కెట్ కుటుంబం అమ్మాయికి ఉల్లిపొర రంగు రిబ్బను, అబ్బాయికి నెమలికంఠం రంగు వాటర్ బాటిల్. మొదటి రెండు ఎపిసోడ్లలో ఆ రంగులు వాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా కనిపించకూడదు. మూడో ఎపిసోడ్‌లో ఆమె రికార్డుబుక్కు అట్ట నెమలికంఠం రంగుకు మారుతుంది. అయిదో ఎపిసోడ్‌లో అతని సైకిల్ హ్యాండిల్‌కు రిబ్బను ముక్క ఉంటుంది. డైలాగులో ఆ ప్రస్తావన రాకూడదు. గొడవపడ్డాక హ్యాండిల్ ఖాళీగా కనబడితే చాలు. రంగు చేతులు మారినప్పుడే కథ కదులుతుంది.

ఇది పనిచేయాలంటే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఆ రెండు రంగులను వెనకనుంచి ఏరేయాలి: ఫ్లెక్సీలు, బిందెలు, కుర్చీలు, గోడలు. చిలకపచ్చను గుర్తు రంగుగా తీసుకోకండి, ఏ వీధిలో చూసినా అలాంటి గోడ ఒకటి అడ్డొస్తుంది. ఉల్లిపొర రంగు నల్లజుట్టులో బాగా తెలుస్తుంది, డ్రెస్సుగా వేస్తే మాత్రం చర్మంలో కలిసిపోతుంది.

లుక్ టెస్టుకు ప్రతి బట్టలోనూ మూరెడు ముక్క తీసుకోండి. లొకేషన్ గోడ ముందు పొద్దున 7కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 5:30కి, తర్వాత ట్యూబులైటు కింద, షూటింగుకు వాడే కెమెరాతోనే తీయండి. ఫుటేజీని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఇద్దరూ ఒకే బూడిద ఛాయలో కనబడితే ఒకరి బట్టను ముదురు చేయాలి. ఆ తర్వాత ఫోనులో సగం వెలుగు పెట్టి మళ్లీ చూడండి, ఈ వయసు ప్రేక్షకులు ఎక్కువగా చూసేది అందులోనే.

అపోహ: నీలం వేస్తే రాత్రి, విషాదం రెండూ వచ్చేస్తాయి.

వాస్తవం: పాత సోడియం దీపం కింద తీసిన సీనుకు ఇది అసలు పనిచేయదు. ఆ వెలుగు దాదాపు పసుపే కాబట్టి నెమలికంఠం నల్లబడిపోతుంది, డీఐలో కూడా తిరిగి రాదు. కొండారెడ్డి బురుజు దగ్గర రాత్రి సీను పెట్టుకుంటే ముందే వెళ్లి అక్కడ ఏ దీపాలున్నాయో చూసుకోండి, మీ గుర్తు వస్తువుకు విడిగా చిన్న తెల్ల ఎల్‌ఈడీ కేటాయించండి.

అపోహ: పెళ్లి సీనులో అమ్మకు ధర్మవరం పట్టు కడితే ఏ చిక్కూ ఉండదు.

వాస్తవం: రెండు రంగుల నేత చీర కోణం మారితే రంగు మారుస్తుంది. క్లోజప్‌లో వంగపండు, వైడ్‌లో ఎరుపు కనిపించి కంటిన్యూటీ తప్పులా, అంటే షాటుకూ షాటుకూ మధ్య చీర మార్చినట్టు, అనిపిస్తుంది. మాట మార్చే మనిషి పాత్రకైతే అది చక్కగా సరిపోతుంది. లేదంటే ఒకే రంగు నేత తీసుకోండి. రిబ్బన్లు, చున్నీలు మూడేసి జతలు ఒకే తానులోంచి కోయించండి. షెడ్యూల్ మధ్యలో మళ్లీ కొంటే అద్దకం తేడా తెరమీద కనబడుతుంది.